మనవరాలు గీయించిన చుట్ల దారి

ఫిబ్రవరి 21, శనివారం

బియ్యం సంచితో బయలుదేరాను. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ అన్నం వండే ముందు పిడికెడు బియ్యం దేవునికని డబ్బాలో వేస్తుంది. శనివారం శనివారం ఆ డబ్బాలు నా సంచిలో ఒంపుతారు. నలభై ఏళ్లుగా నాదే ఈ పని. మొదటి ఇల్లు ఎప్పుడూ రాహేలుదే, చిన్నప్పటి నేస్తం. మోకాలు చూపించింది. వాచింది. ఒంట్లో షుగరు ఒకటి.

"మేరీ, నాను సచ్చిపోతే నీకు ఒక ఇల్లు తగ్గుద్ది నడవడానికి."

"నా కంటే ముందు పోతావేటి? సూద్దాం."

గుడికి వెళ్లేసరికి వెనుక సందడి. పెళ్లి భోజనాలు పెట్టే సిమెంటు చప్టా మీద నా మనవరాలు కెజియా — యూత్ వాళ్ల చేత తెల్ల రంగుతో గీతలు వేయిస్తోంది. చుట్టు లోపల చుట్టు, దాని లోపల ఇంకో చుట్టు... చివరికి మధ్యలో ఖాళీ.

"ఏటే ఇది?"

"లాబిరింత్ మామ్మా. ఒకటే దారి. మాటాడకుండా నడుసుకుంటూ మధ్యకెళ్లి, కాసేపు ఉండి, అదే దారిన బయటకి రావాలి. ఈస్టరు ముందరి శ్రమ దినాల్లో ధ్యానానికి. బెంగళూరులో పాస్టరు సదువులో మాకు ఓ అయ్యగారు నేర్పేరు."

"నడవడానికి ఊళ్లో రోడ్లు సాల్లేదేటి?"

అందరూ నవ్వారు. అదీ నవ్వింది. నాకు మాత్రం అది నచ్చలేదు. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

కెజియా ప్రసంగానికి పుల్పిట్టు ఎక్కింది. తెల్ల అంగీ, మెడలో సిలువ. ఇప్పటికి ఎన్నోసారో... అయినా ఎక్కిన ప్రతిసారీ నాకు అదే దడ. మైకు పలుకుతుందా, గొంతు పట్టేస్తుందా, మంచినీళ్లు పెట్టారా. ఏమీ కాలేదు. వాక్యం ఎంత చక్కగా చెప్పింది! బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన చేతులు ఇవి. ఈ చేతులతో ఎత్తుకున్న పిల్ల ఇవాళ చేయెత్తి ఇంతమందిని దీవించింది. నేనూ తల వంచి పుచ్చుకున్నాను. గర్వం పాపమని తెలుసు. ఈ ఒక్కటీ క్షమించమని అడిగాను. పై ఆదివారం మళ్లీ అడగాల్సిందే.

చదువయ్యాక మా గుడి పాస్టరు అయ్యగారి కింద ఏడాది దాని పని చూస్తారు. అది అయిపోవస్తోంది. ఈస్టరు తరువాత కమిటీ రాయాలి, ఈ పిల్లను పాస్టరుగా అభిషేకించవచ్చు అని. అయ్యగారు రాస్తారు. కమిటీ సెక్రటరీ దానియేలు మాస్టారు? ఆడది బోధ చేయడం ఆయనకు గిట్టదు. ప్రసంగం అంతా వాచీ చూసుకుంటూనే ఉన్నారు.

ఫిబ్రవరి 23, సోమవారం

ఫ్యాను చప్పుడు చేస్తోంది. కెజియా సరిగ్గా దాని కిందే పడుకుంటుంది. మంచం జరిపాను.

ఫిబ్రవరి 25, బుధవారం

మంచం మళ్లీ ఫ్యాను కిందకే వచ్చేసింది. నా మాట ఎవరు వింటారు.

సాయంకాలం ప్రార్థన కూడిక అయ్యాక అందరూ ఆ చుట్ల దారిలోకి — ఒకరి వెనుక ఒకరు. చెప్పులు విప్పేసి. విప్పమని ఎవరూ చెప్పలేదు. గుండ్రం చూసేసరికి వాళ్లంతట వాళ్లే విప్పేశారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను.

మార్చి 1, ఆదివారం

అన్నాల దగ్గర అడిగేశాను.

"ఇది వాక్యంలో ఎక్కడుందే?"

"ఎక్కడా లేదు మామ్మా. గుడిలో ఫ్యాన్లు మాత్రం ఉన్నాయేటి వాక్యంలో?"

"నన్ను తిప్పుకో, నిన్ను దేవుడి దగ్గరకి తీసుకెల్తానని ఫ్యాను అన్లేదు కదా."

పగలబడి నవ్వింది. తెలివిగల పిల్ల, నవ్వుతూనే వాదిస్తుంది. నేను వదల్లేదు. "దారి అంటే ప్రభువే అని నీకు నాలుగేళ్లప్పుడు నేర్పేను. ఆయన మనిషి. గీత కాదు."

"ఆ మనిషి దగ్గరకి నడవడానికే మామ్మా. నువ్వు ఎప్పుడూ ఏదో ఒక కంగారు. ఒక్కసారి నడిసి సూడు, మనసు కుదుటపడుద్ది. తరవాత తిట్టు."

న్యాయమే. చూడకుండా తిట్టకూడదు.

మార్చి 3, మంగళవారం

నడిచాను. పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు. చెప్పులు విప్పలేదు.

మొదట సిగ్గు. తరువాత గీత తొక్కకుండా అడుగు వేయడం మీదే చూపు. వచ్చేశాను అనుకునేసరికి మళ్లీ బయటి చుట్టుకు తిప్పేస్తుంది. మధ్యకు చేరాను. నిజం రాయాలి... మనసు ఖాళీ అయింది. కొడుకు బీపీ లేదు, ఫ్యాను లేదు, కమిటీ లేదు. ఇన్నేళ్లలో ఇంత నెమ్మది ఎరగను. కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఎంతసేపో.

కెజియాకు చెప్పలేదు.

మార్చి 4, బుధవారం

పొద్దుటి నుంచి ఒకటే ఆలోచన. ఆ నెమ్మది ఎవరిచ్చారు?

నిన్న రాహేలు షుగరు పరీక్షకు వెళ్లే రోజు. దాని పేరెత్తి ప్రార్థన చేసి కదా నేను టీ తాగేది. నిన్న ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా గుర్తే రాలేదు. ఇలా ఎప్పుడూ జరగలేదు.

నాకు ప్రార్థన నేర్పింది నా కంగారే. ఫ్యాను ఊడిపడుతుందేమో — ప్రభువా, పిల్లను కాపాడు. ఎస్. రాయవరంలో నా కొడుకు, కెజియా నాన్న, బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో — ప్రభువా, గుర్తు చెయ్యి. ఒక్కో భయానికి ఒక్కో పేరు. ఆ పేర్లన్నీ ఊడ్చేస్తే మిగిలేది శుభ్రమైన ఇల్లు. ఇంట్లో మనిషి లేడు. భారం తన మీద వేయమన్నాడు ఆయన. దారిలో పారబోయమనలేదు. ఆయన మీద వేయాలంటే ఆయనతో మాట్లాడాలి కదా. నిన్న నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనతో కూడా.

నా కాళ్లు ఇచ్చిన నెమ్మదికి ఆయన పేరు పెట్టబోయాను. తప్పు అక్కడుంది.

ఐదో తరగతి చదివినదానికి ఇంత ఆలోచన వచ్చింది. రాసుకోకపోతే పోతుందని రాశాను. రెండుసార్లు చదువుకున్నాను. బాగానే ఉంది.

మార్చి 7, శనివారం

బియ్యం సంచితో వస్తుంటే బెల్లం కొట్టు సత్యవతి గారు పిలిచారు. వాళ్ల మామగారి కొట్లో దిమ్మలు మోసినప్పటి నుంచి ఎరుగుదును. ఏటా ఉప్మాక దేవుడి గుడికి రమ్మంటారు, ఏటా రానంటాను.

"ఏటి మేరమ్మా, దేవుడి సుట్టూ తిరుగుదువు రమ్మంటే ముప్పై ఏళ్లు ఒద్దన్నావు. ఇప్పుడు మీ గుడిలోనే తిరుగుతున్నారట?"

"తిరగడం కాదమ్మా, ధ్యానమట."

"మాది మాత్రం ఏటనుకున్నావు, జాగింగా?"

ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత మామూలుగా అడిగారు — "మరి ఎన్ని సుట్లు?"

గతుక్కుమన్నాను. ఆవిడ తిరిగే ప్రదక్షిణలకు లెక్క ఉంది, మొక్కు ఉంది, ఎవరి చుట్టూ తిరుగుతున్నారో తెలుసు. మేం దేని చుట్టూ తిరుగుతున్నాం? మధ్యలో ఖాళీ సిమెంటు.

మార్చి 10, మంగళవారం

అన్నంతా అయింది. లెక్క మొదలైంది. యెరికో గోడ చుట్టూ జనం తిరిగారే, ఆ కథ ఎవరో దీనికి కలిపేశారు. ఆరు రోజులు రోజుకో చుట్టు, ఏడో రోజు ఏడు చుట్లు, అడ్డం ఉన్న గోడ కూలుతుందట. ఒకామె చేతిలో కొబ్బరినూనె సీసా. ఒకామె కొంగులో కూతురి హాల్ టికెట్టు జెరాక్సు.

కెజియా పరుగున వెళ్లింది. "అమ్మా, లెక్క లేదు, మొక్కు లేదు. ఊరికే నడవండమ్మా."

నూనె సీసా ఆమె నిలబడి కెజియాను ఎగాదిగా చూసింది. "ఊరికే ఎవులు నడుత్తారమ్మా, ఈ ఎండలో?"



మార్చి 13, శుక్రవారం

రాహేలు అరికాళ్లు కాలిపోయాయి.

నాకు చెప్పకుండా వారం నుంచి తిరుగుతోంది. నిన్నటికి ఏడో రోజు. మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లేకుండా, ఏడుసార్లు లోపలికీ బయటికీ. షుగరు ఒళ్లు, కాళ్లు మొద్దు, వేడి తెలియలేదు. పొద్దున్న మంచం దిగబోతే బొబ్బలు. డాక్టరు కేకలేశారు. పుండు పడితే వేలు తీసేయాల్సి వస్తుందట.

"మోకాలు నొప్పి కూలిపోద్ది అనుకున్నాను మేరీ... గోడలాగ."

తిడదామని నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది.

కెజియా ఆ కాళ్లు ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టింది. ఇంటికొచ్చాక — "నేను సెప్పులు విప్పమన్లేదు మామ్మా. లెక్కెట్టమన్లేదు."

"నువ్వు సెప్పలేదు. ఆ గుండ్రం సెప్పింది. మనోళ్లకి గుండ్రం కనబడితే ఏటి సేత్తారో బెంగళూరు అయ్యగారికేటి తెలుసు? నీకు తెలియాలి."

వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎక్కువ అన్నానేమో. ఎక్కువ కాదు. అయినా...

మార్చి 14, శనివారం

దానియేలు మాస్టారు ఇంటికొచ్చారు. "వందనాలు మేరమ్మగారూ" అన్నారు. 'గారు' నాకు కొత్త. జేబులోంచి కాగితం తీశారు.

"సంఘంలో అందరికన్నా పెద్దవారు. మీ సంతకం పైన ఉంటే ఆ దారి చెరిపించేయొచ్చు."

కళ్లజోడు పెట్టుకున్నాను. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. ఆయన టీ అయిపోయింది, ఖాళీ గ్లాసు రెండోసారి ఎత్తి దించారు. చదవనీ. చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాను.

పై సగం నా మాటే. ఆ దారి వాక్యానికి తగదు, తీసేయాలి. కింది సగం — ఆడవారికి బోధ అప్పగించడం వల్లే ఈ పొరపాటు, కెజియా అభిషేకానికి కమిటీ ఒప్పుకోరాదు.

"మాస్టారూ, ఇవి రెండు కాగితాలండి."

"ఒకటే విషయమమ్మా."

"ఈ దారి మా పిల్లకి నేర్పినాయన మగోరేనండి. అయ్యగారు. ఆయన అభిషేకం కూడా తీయించేత్తారేటి?"

ఆయన ముఖం ఎర్రబడింది. కాగితం మడుస్తూ, "మనవరాలని వెనకేసుకొస్తున్నారు" అన్నారు.

"వెనకేసుకురాను. రేపు స్త్రీల సమాజంలో సూడండి."

ఆయన వెళ్లాక గ్లాసు కడుగుతూ అనుకున్నాను. ఎందుకన్నాను? అనేశాను. ఇప్పుడు లేచి మాట్లాడాలి. నేను! సమాజంలో ఇన్నేళ్లలో పాట పుస్తకాలు పంచడం తప్ప నోరెత్తలేదు.

మార్చి 15, ఆదివారం

లేచాను. ఎదురుగా కుర్చీలో కెజియా. ముందు కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. గుర్తున్నంత వరకు రాస్తాను.

ప్రభువు పక్క సిలువ మీద దొంగ ఒక్క అడుగు వేయలేదు, కాళ్లకు మేకులు. నన్ను జ్ఞాపకం చేసుకోమన్నాడు, అంతే, పరలోకం అందుకున్నాడు. తప్పిపోయిన కొడుకు తిన్నగా ఇంటికొచ్చాడు. వాడింకా దూరాన ఉండగానే తండ్రే పరుగెత్తాడు. తండ్రి ఎదురొస్తుంటే మనం పెరట్లో చుట్లు తిరగడమేమిటి? ప్రభువు లేచిన రోజు ఇద్దరు శిష్యులు ఊరికి పోతుంటే ఆయన పక్కన కలిశాడు. వాళ్ల గుండె మండింది నడకకు కాదు, ఆయన మాటకు. మనసు నెమ్మదిస్తే దేవుడు వచ్చాడనుకోకండి. మనసు నెమ్మది వేరు, ఆయన వేరు. నడవాలని ఉంటే రాహేలు ఇంటికి నడవండి, రోజూ కట్టు మార్చాలి.

చివర ఇంకొకటి అన్నాను — మా పిల్ల గీయించిన దారి తప్పు. మా పిల్ల మంచి కాపరి. రెండూ నేనే చెప్తున్నాను.

వెనుక నుంచి ఎవరో "ఆమెన్" అన్నారు. నా గొంతు వణకలేదట, తరువాత చెప్పారు. మా అమ్మ చూసి ఉంటే!

ఇంటికొచ్చాక కెజియా తలుపు దగ్గరే నిలబడిపోయింది. "ఇంట్లో సెప్పొచ్చు కదా మామ్మా."

"సెప్పేను."

"అందరి ముందరా..."

"నువ్వు అందరి ముందరే గీయించేవు కదే."

తలుపు వేసుకుంది.

మార్చి 16, సోమవారం

మాటల్లేవు.

మార్చి 17, మంగళవారం

మాటల్లేవు. ఉప్మా సగం వదిలేసింది. రక్తం తక్కువ దానికి.

మార్చి 19, గురువారం

రాహేలు కట్టు మార్చడానికి వెళ్తే అప్పటికే మార్చి ఉంది. కెజియా రోజూ పొద్దున్నే వచ్చి వెళ్తోందట.

"నన్నేటైనా అందా?"

"నిన్నా? నీ ఊసే లేదు. నా కాళ్లు సూత్తా ఏడుత్తాది. నాకే జాలేసి బిస్కట్లు పెట్టేను."

మార్చి 22, ఆదివారం

ఇవాళ్టిది అక్షరం పోకుండా రాయాలి.

కెజియా పుల్పిట్టు మీద నుంచి, "రాహేలు మామ్మ కాళ్లు కాలడం నా తప్పు. మీకు ఆ దారి ఎలా కనిపిస్తుందో నేను ముందు ఆలోచించలేదు. క్షమించండి" అంది. చప్టా చుట్టూ తాడు కట్టించిందట. కమిటీ తేల్చే దాకా ఎవరూ నడవకూడదు.

అక్కడితో ఆపుతుందనుకున్నాను. ఆపలేదు.

"పోయిన వారం మా మామ్మ మాట్లాడారు. చాలా మటుకు నిజం. ఒక్కటి నేను ఒప్పుకోలేను. గుండె మండేది మాట వల్లే అన్నారు. మాట రాని రోజులుంటాయి. మా నాన్నకు ఆపరేషన్ అయిన తరువాత ఏడాది పాటు నేను ప్రార్థన చేయలేకపోయాను. బోధ చదువుకుంటూ, ప్రార్థన రాకుండా. ఆ ఏడాది నేను చేయగలిగింది నడవడం ఒక్కటే. ఆయన నన్ను అక్కడ విడిచిపెట్టలేదు."

నా చుట్టూ తలలు నా వైపు తిరిగాయి.

ఏడాది! వారం వారం ఫోనులో అడిగేదాన్ని — ప్రార్థన చేసుకుంటున్నావా? "ఆ మామ్మా" అనేది.

గుండెలో ముల్లు దిగింది. దాంతోపాటే... ఎలా రాయను... నన్ను కాదంది, కన్నవాళ్ల దగ్గర కూడా దాచుకున్న సంగతి అందరి ముందూ చెప్పుకుంది, కోపం లేదు, గొంతు తగ్గలేదు. ఎంత పెద్దదైపోయింది! నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే కళ్ల నిండా చూసుకున్నాను. దానియేలు మాస్టారు సైతం ముందుకు వంగి విన్నారు.

మార్చి 24, మంగళవారం

కెజియా అరటికాయ తొక్క తీస్తుంటే పక్కన కూర్చున్నాను.

"నాకు ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే నువ్వు తిండి మానేత్తావు మామ్మా."

"మానేసి నీ గురించి అడిగేదాన్ని కదే. నీ నోరు పెగలకపోతే ఇంకోల్ల నోరుంటాది. సంఘం ఉన్నది దానికే. ఒక్కదానివీ సిమెంటు మీద తిరుగుతా ఉండడానికి కాదు."

కత్తి ఆగింది. కాయ పక్కన పెట్టి — "నాకు అక్కడ నెమ్మది దొరికింది మామ్మా. అది అబద్ధమంటే నేను ఒప్పుకోను."

"నాకూ దొరికింది."

తలెత్తింది. చెప్పేశాను. ఈ నెల మొదట్లో పొద్దున్నే వెళ్లి నడిచినది, మనసు ఖాళీ అయినది, రాహేలు పేరు మర్చిపోయినది.

"నెమ్మది దొరికింది కెజియా. ఆయన దొరకలేదు."

ముక్కలన్నీ తరిగి నీళ్లలో వేసింది. తరువాత "ఆలోచిత్తాను" అంది. నేను కూడా ఆలోచించాలి. పిల్లకు అక్కడ ఆయన తోడున్నాడంటోంది. లేడని నేనెలా అంటాను? ఆయన ఎక్కడికైనా వస్తాడు. అంతమాత్రాన మనం అందరికీ అక్కడికి దారి గీయకూడదు. అంతే నేననేది. అంతేనా? అంతే.

మార్చి 26, గురువారం

అయ్యగారు ఫోను చేశారు. శనివారం కమిటీ. ఈస్టరు దాకా ఆగరట, దానియేలు మాస్టారు పట్టుబట్టారు. నన్ను రమ్మన్నారు. అడిగేది ఒకే ప్రశ్న. కెజియా బోధలో తప్పుందా, లేదా? ఒక్క మాటలో.

ఉంది అంటే పిల్ల అభిషేకం పోయింది. లేదు అంటే నేను సమాజంలో నిలబడి అన్నదంతా నేనే తుడిచేసుకున్నట్టు. ఎండలో ఆ చప్టా మీద మళ్లీ ఎవరి కాళ్లో...

రెండు రోజులు ఎలా గడవాలి.

మార్చి 28, శనివారం, పొద్దున్న

కెజియా నా తెల్లచీర ఇస్త్రీ చేసింది. ఇస్తూ, "ఏటి సెప్తావు మామ్మా?"

"నీకెందుకు?"

"నాకోసం అబద్ధం ఆడకు. ఆడేవంటే రేపు మట్టల ఆదివారం పండగ, అందరి ముందరా సెప్పేత్తాను."

"సెప్పేత్తావు. నీకు అలవాటైపోయింది."

నవ్వింది. చీర అందుకుంటుంటే దాని చేతులు తగిలాయి. చల్లగా ఉన్నాయి. నావీ అంతే.

రెండు మాటలు పట్టుకుని వెళ్తున్నాను. రెండూ నిజమే. ఒకటి చాలు కూర్చోమంటే కూర్చోను. పిలిచింది వాళ్లు, పూర్తిగా వినాలి. నా మనవరాలు అందరి ముందూ నిలబడినప్పుడు నేను నిలబడలేనా?

ఒకటే తేలడం లేదు. ముందు ఏది చెప్పాలి? దారి తప్పు అన్నానంటే అక్కడితో ఆపి రాసేసుకుంటారేమో. పిల్ల మంచిది అని మొదలుపెడితే తరువాతది వినరేమో...

ఆటో వచ్చేసింది. కెజియా పిలుస్తోంది.